కుముదాంగదుని పున్నమి శాసనం

పూర్వం త్రేతాయుగారంభంలో, వింధ్యాచలానికి దక్షిణాన, సోమవంశ సంజాతుడూ, సత్యవ్రతుడూ, శరణాగతవత్సలుడూ అయిన కుముదాంగద మహారాజు, కైరవిణి అనే మంచినీటి మహాసరస్సు తీరాన రాజధాని నిర్మించుకొని, ప్రజలను కన్నబిడ్డలవలె చూసుకొంటూ రాజ్యం చేస్తుండేవాడు. ఆ సరస్సు ఆవలి ఒడ్డు కంటికి ఆనదు. అందులోని చేపలే ఆ రాజ్యంలో సగంమందికి ఆధారం. వలవేసి జీవించే ధీవరులు తీరం పొడవునా గుడిసెలు వేసుకొని ఉండేవారు.

రాజుకు చంద్రుడంటే ప్రాణం. చంద్రుడు తన వంశానికి మూలపురుషుడు కావడం ఒక్కటే కారణం కాదు. సంతానం లేక పరితపించిన తన తల్లి పున్నమి వ్రతం ఆచరించి, ఆ ఓషధీపతి అనుగ్రహంవల్లనే తనను కన్నదని చిన్ననాటినుంచీ వింటూ పెరిగినవాడాయన. పట్టాభిషిక్తుడైన తొలి ఏడాది, ఒక పూర్ణిమనాటి సాయంకాలం, ధీవరులతో కలిసి పడవెక్కి సరస్సు నడిమికి వెళ్లగా, వలలు తెగేటంతగా చేపలు పడ్డాయి. తూర్పున ఉదయిస్తున్న నిండు చంద్రబింబాన్ని చూసి రాజు పులకించిపోయాడు. "మహాసముద్రమే ఈ స్వామిని చూసి పొంగుతుంది కదా, ఈ సరస్సు ఆయనకొక లెక్కా? చేపలను మన వలల్లోకి తోలింది ఆయనే" అని నిశ్చయించుకొని, మరునాడే దండోరా వేయించాడు. పున్నమి దినాల్లో తప్ప కైరవిణిలో ఎవరూ వల తడపరాదు. తడిపినవారి వల కాల్చి, వారిని ఎల్లలు దాటించాలి. ఇదీ శాసనం.

వానలు కురిసి, పంటలు పండి, ధీవరులకూ గాదెలనుంచి ధాన్యం అందినన్నాళ్లు ఆ శాసనం ఎవరికీ బరువు కాలేదు. తరువాత అనావృష్టి వచ్చింది. చేలు బీటలు వారాయి, గాదెలు అడుగంటాయి, సరస్సు ఒడ్డు విడిచి లోపలికి జరిగింది. ప్రజలు పున్నమికోసం ఆకాశంవైపు చూస్తూ ఆకలితో కాలం గడిపారు. తీరా ఆ పున్నమి వచ్చి, వలలన్నీ ఒక్కసారిగా దిగితే, నాచు తప్ప మరేమీ పైకి రాలేదు. పూజలో లోపం జరిగిందనుకొని రాజు ఉపవాసాలు పెంచాడు, అభిషేకాలు పెంచాడు. మరుసటి పున్నమికీ నాచే వచ్చింది.

ఆ వెంటనే వచ్చిన బహుళాష్టమినాటి ఉదయం, రాజు తీరాన చంద్రమండపంలో కొలువుతీరి ఉండగా, భటులు శఫరి అనే ధీవర స్త్రీని తెచ్చి నిలబెట్టారు. ఆమె భర్త ధీవరులకు పెద్దగా ఉండి గతించగా, ఆ పెద్దరికం ఆమెకే దక్కింది. ఆమె వల తడిగా భటుల భుజాలపై వేలాడుతున్నది. తీరమంతా జనం మూగారు.

"శఫరీ, కృష్ణపక్షంలో వల వేశావట. నిజమేనా?" అని రాజు అడిగాడు.

"వేశాను ఏలికా. దాచేదేముంది? నిన్న పొద్దు వాలే వేళకు దక్షిణాన మబ్బు పట్టింది. గాలి ఆగిపోయింది. ఎక్కడో కొండల్లో చినుకు పడ్డట్టుంది, వాగు సరస్సులో కలిసే మొగదగ్గర కాస్త కొత్తనీరు దిగింది. చేప ఆ నీటికి ఎదురొచ్చింది. గుడిసెల్లో పిల్లలు ఏడవడానికి కూడా ఓపిక లేక పడుకొని ఉన్నారు. వల తీసుకొని వెళ్లాను."

"తిథి చూసుకోలేదా?"

"మబ్బు చూసుకొన్నాను."

రాజు కనుబొమలు ముడివడ్డాయి. "సముద్రాన్ని శాసించే నా కులస్వామికి ఈ సరస్సుపై అధికారం లేదంటావా?"

"అంతమాట నేననను ఏలికా. వెన్నెల బాగా కాసినప్పుడు పైపైన వేసిన వలను చేప చూసి తప్పుకోవడం చూశాం. అప్పుడే కాస్త లోతున వేస్తే పడడమూ చూశాం. అమావాస్యకు పడవ నిండిన ఏళ్లున్నాయి, ఉత్త చేతులతో వచ్చిన ఏళ్లూ ఉన్నాయి. ఎండ, చలి, గాలివాలు, కొత్తనీరు, అన్నీ చూసుకొని వెళ్తాం. చందమామ వాటిలో ఒకడు. ఆయనొక్కడే కాదు."

ఆ మాటలు రాజు గుండెలో ఎక్కడో తగిలాయి. తగిలినకొద్దీ ఆయన పట్టుదల మరింత బిగిసింది. తన నోట వెలువడిన మాట ఏనాడూ తప్పిపోలేదన్నది ఆయనకున్న ఒకే ఒక గర్వం. "శాసనం శాసనమే" అని పలికి, వలను కాల్చమని ఆజ్ఞాపించాడు. భటులు ఎండుగడ్డి పోగుచేసి నిప్పు పెట్టారు. తడి వల చాలాసేపు పొగలు కక్కి, చివరికి అంటుకొన్నది. శఫరి కన్నార్పక చూస్తూ నిలబడింది.

అప్పుడు జనంలోనుంచి ఒక ముసలావిడ కర్ర పొడుచుకొంటూ ముందుకు వచ్చింది. "నిన్న ఆ చేప నేను తిన్నాను బాబూ. శఫరిని పంపితే నన్నూ పంపించు" అంది. ఆమె వెనక ఒక కుమ్మరి వచ్చాడు. అతని వెనక చంటిపిల్లను ఎత్తుకొన్న తల్లి, ఆమె వెనక, తల దించుకొని, వల మోసుకువచ్చిన భటుల్లోనే ఒకడు. చూస్తుండగానే తీరంలోని జనమంతా శఫరి వెనక చేరారు. అందరినీ ఎల్లలు దాటిస్తే తన ఎదుట మిగిలేది ఖాళీ ఇసుకే అని రాజుకు అర్థమైంది.

ఆయన కిరీటం తీసి మండపంలో ఉంచి, మెట్లు దిగి, సరస్సులో నడుములోతున నిలిచాడు. పడమటి ఆకాశాన అర్ధచంద్రుడు పగటి వెలుగులో పాలిపోయి కనిపిస్తున్నాడు. రాజు చేతులు జోడించి, "క్షీరసాగర సంభవా, రోహిణీవల్లభా, శంకర శిరోభూషణా, నీ పేర నేను చేసిన శాసనం ఈనాడు నా ప్రజలకూ నాకూ మధ్య నిలిచింది. ప్రత్యక్షమై నా మాట నిలబెట్టు" అని, శ్వాస బిగపట్టి, ఏకాగ్రచిత్తుడై ధ్యానించాడు.

అస్తమించబోతున్న ఆ అర్ధబింబంనుంచి చల్లని కాంతి ఒకటి నీటిమీదికి దిగివచ్చి, శ్వేతాంబరధారీ, సుధామయ గాత్రుడూ అయిన చంద్రదేవుడు రాజు ఎదుట నిలిచాడు.

"వత్సా కుముదాంగదా" అన్నాడు దేవుడు. "సముద్రం నా పుట్టిల్లు. నన్ను చూసి అది పొంగుతుంది. కైరవిణిలో నేను అతిథిని. నా వెలుగు ఈ నీటిమీద పడుతుంది, చేపలకు కొంత దారి చూపుతుంది, కొంత దాగమంటుంది. అంతకుమించి ఇక్కడ నా ఏలుబడి లేదు. నీ తొలి వేటనాడు చేపలు పడింది, ముందురోజు కొండవానకు కొత్తనీరు వచ్చినందువల్ల. నీవు నన్ను చూశావు గాని నీటి రంగు చూడలేదు."

రాజు తల దించుకొన్నాడు.

"అయినా నీ తల్లి వ్రతానికి నేను బద్ధుణ్ణి" అని దేవుడు కొనసాగించాడు. "నీవు కోరితే, వరుణుణ్ణి అర్థించి, ఇకముందు పున్నమినాడే ఈ సరస్సులో చేపలు వలకు వచ్చేట్టు చేయిస్తాను. తక్కిన దినాల్లో కైరవిణి ఎవరికీ ఏమీ ఇవ్వదు. నీ మాట ఆచంద్రార్కం సత్యమై నిలుస్తుంది. ఆలోచించి కోరుకో."

ఒక్క మాటతో అంతా సరిపోయేది. శాసనం నిలిచేది, సత్యవ్రతుడన్న పేరు నిలిచేది. రాజు వెనుదిరిగి ఒడ్డువైపు చూశాడు. బూడిదైన వల చుట్టూ జనం ఇంకా అలాగే నిలబడి ఉన్నారు. చంటిపిల్లను ఎత్తుకొన్న తల్లి ఆ పిల్లకు తన కొంగుతో నీడ పడుతున్నది.

"దేవా" అన్నాడు రాజు, "నా మాట నిజం కావడానికి వీళ్లు నెలకొకసారి అన్నం తినాలా? ఆ వరం నాకు వద్దు. శాసనాన్ని నేనే రద్దు చేస్తాను. తప్పు మాట పలికిన నోటితోనే దానిని నలుగురి ఎదుట వెనక్కి తీసుకొనే ధైర్యం నాకూ, నా తరువాత ఈ గద్దె ఎక్కేవారికీ ప్రసాదించు. అంతే చాలు."

చంద్రుని ముఖం పదహారు కళలతో వెలిగింది. "ఇచ్చాను. నా పున్నమి పూజలు మానకు, అవి నాకిష్టం. వల ఎప్పుడు వేయాలన్నది మాత్రం నన్ను అడగకు, శఫరిని అడుగు. నీవు అడగకపోయినా, వరుణునితో నీ ప్రజల కరవు సంగతి చెబుతాను" అని పలికి అంతర్ధానమయ్యాడు.

తడిబట్టలతోనే రాజు ఒడ్డుకు వచ్చాడు. "నేను చేసిన శాసనం తప్పు. అది ఈ క్షణంనుంచి చెల్లదు. ఎవరూ ఎల్లలు దాటనక్కరలేదు" అని అందరూ వినేలా చెప్పి, శఫరి ఎదుట నిలిచి, "అమ్మా, నీ వల కాల్చాను. కోశాగారంలోని నూలంతా నీదే, తీసుకో" అన్నాడు.

"నూలొకటే ఉంటే సరిపోదు ఏలికా. మబ్బు మళ్లీ కమ్ముతోంది. కొత్తనీరు వచ్చేలోగా వల కావాలంటే అల్లే చేతులు కావాలి" అంది శఫరి.

రాజు ఆమె పక్కన ఇసుకలో కూర్చొని చేతులు చాచాడు. ఆమె ఆ చేతులకు నూలు తగిలించి, మొదటి ముడి వేయడం చూపించింది. తక్కినవాళ్లూ చుట్టూ చేరారు.

వరుణుడు చంద్రుని మాట మన్నించాడు. వల పూర్తయ్యేసరికి కొండలమీద వాన కురిసి, వాగులు కైరవిణిలోకి ఎర్రగా దూకాయి. చంద్రుడు సన్నని రేకై మిగిలిన ఆ కృష్ణపక్షపు చివరి దినాల్లో, శఫరి చెప్పిన చోట, చెప్పిన వేళకు, రాజే స్వయంగా వల విసిరాడు. ఆ పూట రాజ్యంలో ప్రతి పొయ్యీ వెలిగింది. కుముదాంగదుడు చిరకాలం ధర్మంగా పాలించి సోమలోకం చేరాడు. ఈ వృత్తాంతాన్ని భక్తితో విన్నవారి ఇంట అన్నానికి కొరత ఉండదనీ, వారి నోట తప్పు మాట ఎక్కువ కాలం నిలవదనీ పెద్దలు చెబుతారు.