ఏకాహంలో ఒక్క ఊపిరి

"నేను చెప్పినదాంట్లో తప్పేముంది గురువుగారూ? ఒక్క మాటా ఆయనకెందుకు ఎక్కలేదు?" అని నరహరి అడిగాడు. వల్లభయ్యగారికి ఒక అలవాటుండేది. ప్రశ్న తెచ్చినవాడికి ముందు ఏదో ఒక పని చూపించేవారు. ఆ పూట మోదుగాకుల కట్ట ముందుకు తోసి, విస్తళ్ళు కుట్టమన్నారు.

అయ్యా, అమ్మా, ఇది కృష్ణ పాయల నడుమ ఉన్న ఒక లంక ఊళ్ళో జరిగిన ముచ్చట. ఆ ఊరికి పడవే దారి. వైశాఖంలో అక్కడ ఏకాహం చేస్తారు. ఏకాహమంటే మీకు నేను చెప్పాలా! ఇవాళ పొద్దు పొడిచింది మొదలు రేపు పొద్దు పొడిచేదాకా దీపం కొండెక్కకూడదు, నామం తెగకూడదు. ఒక ఊరి జట్టు దీపం చుట్టూ తిరుగుతూ పాడుతుంది, దాని వంతు అయ్యేసరికి ఇంకో ఊరి జట్టు వచ్చి అందుకుంటుంది. అందుకునేవాడు గొంతు కలిపాకే ఇచ్చేవాడు తాళాలు వదలాలి. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. తన వంతు నామం ఎత్తుకున్నవాడు మధ్యలో వేరే మాట పలకరాదు. దాహమేసినా సైగ చెయ్యాల్సిందే.

ఆ ఏడు వేసిన పందిరిని ఆనుకునే కోటిలింగం ఇల్లుంది. తమలపాకు తోట రైతు, అరవై దాటినవాడు. కార్తీకంలో భార్య పోయింది. పిల్లలు లేరు. మొదటి నెల ఊరంతా వచ్చి పలకరించింది. తరవాత ఆయన బదులు పలకడం మానేశాడు, ఆపైన వాళ్ళూ రావడం మానేశారు. తోటకి నీళ్ళు కట్టే దిక్కు లేక తీగలు పందిట్లోనే ఎండిపోయాయి. అలా ఆరు నెలలు గడిచాక, ఏకాహానికి వారం ముందు, కోటిలింగం తలుపు తీసుకుని నాలుగిళ్ళు తిరిగాడు. ఎప్పుడో అడిగి తెచ్చుకున్న నిచ్చెన ఒకరికి ఇచ్చేశాడు, గంప ఒకరికి ఇచ్చేశాడు. పాడిగేదెను తీసుకెళ్ళి చెల్లెలి వరసయ్యే ఆవిడ దొడ్లో కట్టి, పలుపు ఆవిడ చేతిలో పెట్టి, ఇక నువ్వే చూసుకో అమ్మా అన్నాడు. ప్రయాణం పెట్టుకున్నవాడు ఇల్లు సర్దుకున్నట్టు సర్దుకుంటున్నాడని ఊళ్ళో గుసగుసలాడారు. ఏ ప్రయాణమో అందరికీ తెలుసు. పైకి ఎవరూ అనలేదు.

నరహరి ఊరుకోలేకపోయాడు. వల్లభయ్యగారి శిష్యుల్లో బాగా చదువుకున్నవాడు అతనే. నేరుగా ఆ ఇంటికి వెళ్ళి, గంటసేపు కూర్చుని, చావు గురించీ ఆత్మ గురించీ శ్లోకాలతో సహా విడమర్చి చెప్పాడు. కోటిలింగం ఆసాంతం విన్నాడు. చెంబుతో మంచినీళ్ళిచ్చాడు. "అయిపోయిందా బాబూ? వెళ్తూ వెళ్తూ ఆ తలుపు దగ్గరగా వేసి వెళ్ళు" అన్నాడు. నరహరి ప్రశ్న అక్కణ్ణించి పుట్టింది.

ఏకాహం నాడు గురుశిష్యులిద్దరూ పందిరికి ఎదురింటి అరుగు మీద కూర్చుని విస్తళ్ళు కుడుతున్నారు. మధ్యాహ్నం వంతు ఆ ఊరి జట్టుదే. జట్టుకి పెద్ద వీరాస్వామి. మంచి గొంతు, అంతకన్నా మంచి ఆకలి. వాళ్ళ తరవాత ఏటవతలి జట్టు రావాలి. ఎండ నడినెత్తికి వచ్చే వేళకి రేవులో పడవ ఆగింది. డోలు కనిపించింది, తాళాలు తళుక్కుమన్నాయి. వీరాస్వామి అది చూసి, జట్టు దిగింది, ఇంక మనం వెళ్ళొచ్చని సైగ చేశాడు. మనిషి చేతిలో తాళాలుంటే వాడు ఏకాహానికే వచ్చాడనుకోవడం ఆ లంక వాళ్ళకి అలవాటు. దిగినవాళ్ళు గట్టు వరకూ వచ్చేస్తారు కదా, ఈ రెండు నిమిషాలూ దీపం దగ్గరున్న బుల్లెమ్మ చూసుకుంటుందిలే అని తాళాలు ఆవిడ చేతికిచ్చి, జట్టంతా ఊరి చివర భోజనాల పాకకి నడిచింది. తీరా చూస్తే దిగినవాళ్ళు పక్కూరి పెళ్ళికి పోతున్న మేళగాళ్ళు. వాళ్ళు గట్టు దిగి తమ దారిన తాము పోయారు.

బుల్లెమ్మ దీపానికి నూనె పోసే ముసలావిడ. డెబ్బై ఐదేళ్ళుంటాయి. తాళాలు కొడుతూ, నామం చెబుతూ, దీపం చుట్టూ తిరుగుతోంది. రెండు నిమిషాలు పది నిమిషాలయ్యాయి. పది ఇరవై అయ్యాయి. ఊరంతా భోజనాల దగ్గరే ఉంది, ఎవరూ రాలేదు. ఆవిడకి దగ్గు మొదలైంది. కేకేసి ఎవరినన్నా పిలుద్దామంటే నోట్లో నామం ఉంది. ఎండ వెలుగులోంచి చూస్తే, అరుగు నీడలో ఉన్న ఇద్దరూ ఆ ముసలికళ్ళకి ఆనలేదు.

నరహరి చేతిలో ఆకు వదిలేసి లేచాడు. గురువుగారు అతని మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టారు. ఏకాహం భంగమైతే ఊరికి అరిష్టమని అతను గుసగుసగా అన్నాడు. ఆయన ఎదుటికి చూపించారు. కోటిలింగం కిటికీ రెక్క వేలెడంత తెరుచుకుని ఉంది. ఆ పట్టు మాత్రం సడలనే లేదని నరహరి తరవాత నాతో చెప్పాడు.

బుల్లెమ్మ ఈసారి చుట్టు తిరుగుతూ తిరుగుతూ పందిరి దాటి, అన్నిటికన్నా దగ్గరున్న తలుపు దగ్గరికి వెళ్ళింది. తాళం తప్పకుండా, నామం ఆపకుండా, ఆ తాళపు బిళ్ళతోనే తలుపు మీద కొట్టింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. తలుపు తెరుచుకుంది. ఆవిడ తాళాలు ఆయన ముందుకు చాపింది.

"నాకు గొంతు లేదత్తా," అన్నాడు కోటిలింగం. "ఇంకెవరినన్నా చూసుకో."

ఆవిడ జవాబు చెప్పడానికి వీల్లేదు. ఆయన ముఖంలోకి చూస్తూ నామమే చెప్పింది. ఇంకోసారి చెప్పబోతే దగ్గు తెర వచ్చి గొంతు మూసేసింది. నామం ఆగింది.

ఎంతసేపు ఆగిందంటే నరహరి చెప్పలేడు. ఒక్క ఊపిరి అనుకోండి. తరవాత ఎండిపోయిన బావి గిలక కదిలినట్టు ఒక గొంతు లేచింది. శ్రుతి లేదు, లయ లేదు. ఆ గొంతుకి మాటే కొత్త. కోటిలింగం తాళాలందుకుని దీపం దగ్గరికి నడిచాడు. బుల్లెమ్మ గుంజకి ఆనుకుని నీళ్ళు తాగి, దగ్గు తగ్గాక ఆయన అన్నదానికి వంత పాడసాగింది. ఆయన ఒకచోట తప్పితే చేత్తో నేల మీద కొట్టి దారిలో పెట్టింది.

ఇంతలో పొరపాటు తెలిసి వీరాస్వామి జట్టు పరుగెత్తుకొచ్చింది. చేతులకి పప్పన్నం అలాగే ఉంది. పందిట్లో ఎవరున్నారో చూసి అందరూ ఆగిపోయారు. వీరాస్వామి తాళాల కోసం చెయ్యి చాపాడు. కోటిలింగం ఇవ్వలేదు. బుల్లెమ్మ నామం అందుకున్న సందులో కట్టుబాటు పక్కనపెట్టి, "ముందా ఎంగిలి చెయ్యి కడుక్కురారా. అవతలి జట్టు వచ్చాకే నేను దిగేది" అన్నాడు. ఊరివాళ్ళ మొహాన ఆయన ఒక మాట అనడం ఆరు నెలల్లో అదే మొదలు. వీరాస్వామి తిట్టించుకుని, సంబరంగా చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు.

ఏటవతలి జట్టు రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది. అప్పటిదాకా ఆయన దిగలేదు. ఆ సాయంత్రం నలుగురితో పాటు పంక్తిలో కూర్చున్నాడు. నాలుగో ముద్దకి ఏడుపొచ్చింది, విస్తరి ముందే ఏడ్చాడు. పక్కనున్న వీరాస్వామి ఓదార్చలేదు. వడ్డించేవాణ్ణి కేకేసి ఆయనకి కొంచెం నెయ్యి వేయించాడు, తన ముద్ద తాను తిన్నాడు. తిని లేచాక కోటిలింగం చెల్లెలి వరస ఆవిడని, గేదె ఎన్ని పాలిస్తోందని అడిగాడట.

అంతా సర్దుకున్నా నరహరి మనసు కుదుటపడలేదు. రేవు దగ్గర చేతులు కడుక్కుంటుంటే గురువుగారి పక్కన చేరి, తన బెంగ బయటపెట్టాడు. నడుమ ఒక ఊపిరి ఖాళీ పడిన మాట నిజం. అది భంగమేనా? ఆ తలుపు తెరుచుకోకపోతే ఏకాహం మొత్తానికే తెగిపోయేది కదా? అంత తెలిసీ తనని లేవనివ్వలేదెందుకు?

వల్లభయ్యగారు కండువాతో చేతులు తుడుచుకున్నారు. "నామానికేం నాయనా," అన్నారు, "తెగినా మళ్ళీ ఎత్తుకోవచ్చు."