మూడు కట్టల దున్న

సిరివాక రాజు అనంతభూపతికి ఒకరోజు భోజనం మధ్యలో ఒక సందేహం వచ్చింది. కోటలో సైనికులు తింటున్నది దున్నపోతు మాంసం. దున్నపోతులు తింటున్నది రాజ్యంలో పండిన జొన్నచొప్ప. ఇంత చొప్ప ఎక్కడికి పోతోంది?

"దున్నల ఒంటికి పడుతోంది ప్రభూ" అన్నాడు పశుశాల అధికారి ఏకామ్రయ్య.

"అంతా ఒంటికే పడితే ఈపాటికి ఏనుగులు కావాలి" అన్నాడు రాజు.

మరునాడు చాటింపు వేశారు. బాగా మేసి బలిసే దున్న గొప్ప కాదు, తక్కువ మేసి బలిసే దున్న కావాలి. అలాంటిది దొరికితే ఇకమీదట కోట బర్రెలన్నిటికీ దాని విత్తనమే. పెంచినవారికి బంగారు కడియం. ఓడిన దున్న వంటశాలకు.

పోటీకి ఇద్దరే వచ్చారు. ఒకరు ఏకామ్రయ్య. రెండోవారు, వాగు ఒడ్డున కోట బర్రెలను మేపే ముత్తెమ్మ. రెండు దున్నలకూ ఛాతీ చుట్టూ తాడు వేసి కొలిచారు. సమానంగా ఉన్నాయి. ఎవరి దున్నను వారు ఇంట్లో కట్టేసి పెంచాలి. చొప్ప రాజుగారి వాములోంచి ఎంత అడిగితే అంత ఇస్తారు. బయటి మేత పెట్టకూడదు.

తొలకరికి మొదలైన పోటీ కోతలకు ముగిసింది. మామూలు దున్న రోజుకు పది కట్టలు మేస్తుంది. ముత్తెమ్మ రోజుకు ఆరు కట్టలు తీసుకుంది. ఆమె దున్న జానెడు ఒళ్లు చేసింది. ఏకామ్రయ్య తీసుకున్నది మూడు కట్టలే. ఆయన దున్న రెండు జానలు పెరిగింది.

రాజు పొంగిపోయాడు. రేపు కొలువులో కడియం ఇస్తానన్నాడు. ఎల్లుండి నుంచి రాజ్యంలో ఏ పశువుకైనా మూడు కట్టలే అన్నాడు.

ఆ కొలువులో బొల్లన అనే ఆయన ఉన్నాడు. ఆయనకు ఫలానా ఉద్యోగమని లేదు. జీతం మాత్రం వేళకు అందేది. ముత్తెమ్మ నేరుగా ఆయన ఇంటికి వెళ్లింది.

"బొల్లనయ్యా, నా దున్నను కోసుకుంటే కోసుకోండి. మందంతటికీ మూడు కట్టలంటే ఎట్లా? చూలు బర్రెలున్నాయి. నెల తిరక్కుండా పడిపోతాయి."

"అధికారిగారి దున్నను ఎప్పుడైనా చూశావా?"

"కొలిచిన రోజు తప్ప ఎక్కడ చూడనిస్తారు? ఇంటిచుట్టూ ఎత్తు గోడ. ఆ గోడ నిండా పిడకలు."

తమలపాకుకు సున్నం రాస్తున్న బొల్లన వేలు ఆగింది.

"గోడ నిండానా?"

"పై వరస కొట్టడానికి నిచ్చెన వేస్తున్నారు."

"ఆ ఇంట్లో ఇంకేం పశువులున్నాయి?"

"ఈ దున్న ఒక్కటే. వాళ్లింటికి పాలు నేనే పోస్తా."

"రేపు కొలువుకు రా. అడిగితేనే మాట్లాడు."

"అడక్కపోతే?"

"అడుగుతారు."

మరునాడు రాజు కడియం చేతిలోకి తీసుకున్నాడు. ఏకామ్రయ్య చెయ్యి అప్పటికే చాచి ఉంది. బొల్లన లేచాడు.

"ప్రభూ, అధికారిగారి దున్నకు సాటి లేదు. ఒక్కటే లోపం."

"ఏమిటది?"

"మేత తక్కువైతే పేడ తక్కువ. పేడ తక్కువైతే పిడకలు తక్కువ. ఈ జాతి రాజ్యమంతా నిండితే తమరి స్నానానికి నీళ్లు కాగవు."

రాజుకు వేడినీళ్ల స్నానమంటే ప్రాణం. ఆయన కడియాన్ని మళ్లీ పళ్లెంలో పెట్టాడు.

"అయితే ఈ దున్న వద్దేమో" అన్నాడు.

ఏకామ్రయ్య కంగారుపడ్డాడు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ప్రభూ, అదంతా అసూయ! పేడలో కూడా నా దున్నను మించింది లేదు. రోజుకు యాభై పిడకలు! కావాలంటే మా గోడ చూడండి, వేలు పెట్టే చోటు లేదు. అంతా ఈ దున్న ఒక్కదాని చలవే!"

"యాభయ్యా?" అన్నాడు రాజు. "ముత్తెమ్మా, నీ దున్న పేడతో ఎన్ని అవుతాయి?"

"ఇరవై దొరా. ఇరవై ఒకటోది చిన్నదవుతుంది."

"ఆరు కట్టలు మేసి ఇరవై. మూడు కట్టలు మేసి యాభై." రాజు వేళ్లు మడిచి, మళ్లీ విప్పాడు. "ఏకామ్రయ్యా, ఇదెలా?"

"అది... నీళ్లు బాగా తాగుతుంది ప్రభూ."

"నీళ్లతో పిడకలు కొడతారా అయ్యగారింట్లో?" అంది ముత్తెమ్మ. ఇది ఎవరూ అడగలేదు.

రాజు బొల్లన వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. ఈ దున్నను ఏం చేయాలి?"

బొల్లన చేతులు కట్టుకున్నాడు.

"దీన్ని ఖజానాలో కట్టేయండి ప్రభూ. ఒకటి వేస్తే ఐదు బయటికి వస్తున్నాయి, పైగా లోపల కూడా మిగులుతోంది."

ముందు రాజు నవ్వాడు. తర్వాత కొలువంతా నవ్వింది. కొలువులో నవ్వకూడని భటులు గోడవైపు తిరిగి నవ్వారు.

"మిగతా చొప్ప ఎక్కడిది?" అన్నాడు రాజు, కళ్లు తుడుచుకుంటూ.

"మా పొలంలోది" అన్నాడు ఏకామ్రయ్య. "కొంచెం ఉలవలు కూడా."

కడియం ముత్తెమ్మకు దక్కింది. ఆమె దున్న విత్తనానికి నిలిచింది. "దీని తల్లికీ ఆకలి తక్కువే, ఒళ్లు మాత్రం కుదురుగా ఉండేది" అని ఆమె దారిలో నలుగురికి చెప్పింది. మూడు కట్టల ఆజ్ఞ రద్దయింది. బొల్లన జీతం రెట్టింపైంది, ఉద్యోగం మాత్రం మునుపటిలాగే ఏదీ లేదు.

ఏకామ్రయ్య గోడమీది పిడకలన్నీ రాజుగారి స్నానాలగదికి చేర్చమని ఆజ్ఞ. పై వరస దించడానికి నిచ్చెన ఆయనే వేశాడు.