పుల్లయ్య తలూపిన బీమా

రేగడి చేలకీ చిట్టడవికీ మధ్య ఒక పశువుల పాక. అందులో జోడెడ్లు పుల్లయ్య, కాటుకయ్య. దూడలప్పటినించీ ఒకే కాడి కింద మెడలు పెట్టినవాళ్ళు. కాడికి ఎలపట పక్క, అంటే కుడివైపు, కాటుకయ్యది; దాపట పక్క, ఎడమవైపు, పుల్లయ్యది. పక్కలు మార్చి కడితే నాగలి అంగుళం కదలదు.

ఆ పాకకి ఆపదలో అండ నక్క చలమయ్య. అండ అని వాడే చెప్పుకున్నాడు లెండి. వాగు దగ్గర కొంగమ్మ వైద్యం చేస్తుంది. పొడుగు ముక్కుతో ముల్లు తీసి గాయపాకు పసరు పోస్తుంది. ఆవిడకి చేపలివ్వాలి. చేపలు పైకి రావాలంటే వాగులో తవుడు చల్లాలి. అందుకని పాకలో అందరూ తమ తిండిలోంచి తవుడు మిగిల్చి నక్కకివ్వాలి, జబ్బు చేస్తే నక్క కొంగమ్మని తీసుకురావాలి. దీనికి చలమయ్య పెట్టిన పేరు బీమా.

చేరిన రోజున వాడు షరతులన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. అప్పుడు పుల్లయ్య ముందు జొన్నచొప్ప ఉంది. ఎద్దు సంగతి తెలిసిందేగా, ముందు మింగుతుంది, నెమరు తర్వాత. చొప్పతోపాటు షరతులూ మింగేశాడు. నములుతుంటే తల ఊగింది, మెడలో గంట మోగింది.

"ఒప్పుకున్నట్టే!" అన్నాడు చలమయ్య.

నోటినిండా మేత ఉన్నవాడు కాదని ఎలా అంటాడు!

మొదట్లో చిన్న తట్టెడు తవుడు చాలన్నాడు. ఏటికేడూ తట్ట పెద్దదైంది. అడిగితే, "కొంగమ్మ చేపల లెక్క పెంచమంటోంది పుల్లన్నా, నన్నేం చెయ్యమంటావ్?" అనేవాడు. మరో ఏడు, "మేకపిల్లలు మాకేం రోగమని మానేశాయి. వాటి వంతు మీరే మొయ్యాలి" అన్నాడు. పుల్లయ్య డొక్కలు లోపలికి పోయాయి. అయినా ఇస్తూనే ఉన్నాడు. రేపేం ముంచుకొస్తుందో అని భయం.

ముంచుకొచ్చింది. దుక్కిలో కాటుకయ్య వెనక కాలి గిట్టల సందున తుమ్మముల్లు దిగి లోపలే విరిగింది. చీము పట్టింది. "సంత నాటికి కాలు మోపకపోతే తోలేద్దాం" అని రైతు అనడం పుల్లయ్య చెవులారా విన్నాడు. సంతలో కుంటెద్దుని కొనేదెవరో, ఎందుకు కొంటాడో పాకలో అందరికీ తెలుసు.

పుల్లయ్య పరుగున నక్క దగ్గరికెళ్ళాడు. "చలమయ్య గారూ, కొంగమ్మని పిలవండి."

"ముల్లు ఎక్కడ దిగింది?"

"దుక్కిలో."

"అయ్యయ్యో! పనిలో తగిలిన దెబ్బ బీమాలోకి రాదే! చేరిననాడే చెప్పాను. నువ్వు తలూపావు."

"మేం ఎద్దులమండీ. దెబ్బ దుక్కిలో కాక ఇంకెక్కడ తగుల్తుంది?"

"షరతు షరతే పుల్లన్నా" అని చలమయ్య పొదలోకి దూరాడు.

పుల్లయ్యే వాగుకెళ్ళి కొంగమ్మ కాళ్ళావేళ్ళా పడ్డాడు. "చలమయ్య మాట లేందే నేను రాను, అలా కుదుర్చుకున్నాం" అందావిడ.

పుల్లయ్య తిరిగొచ్చి కాటుకయ్య పక్కన కూలబడ్డాడు. మేత ముట్టలేదు.

"నాకోసం మానకు అన్నా, తిను" అన్నాడు కాటుకయ్య. "నే పోయాక ఇంకొకణ్ణి ఎలపట కడతారు. వాణ్ణి కసురుకోకు."

పుల్లయ్యకి ఆనాడు మింగిన షరతుల మాటలు ఒక్కొక్కటే పైకొచ్చాయి. మధ్యాహ్నమంతా వాటినే నెమరేశాడు. ప్రతి మాటా చేదుగానే ఉంది.

సాయంత్రం పొరుగూరి గేదెల మంద అటుగా వచ్చింది. మందకి పెద్ద ముర్రమ్మ ఆగి, "పుల్లయ్యా, చలమయ్య మమ్మల్నీ బీమాలో చేరమంటున్నాడు. మంచిదేనా?" అనడిగింది.

చేరొద్దు అనబోయి పుల్లయ్య ఆగాడు. కాటుకయ్య వైపు చూశాడు.

"నాకు వివరంగా చెప్పడం రాదక్కా. ఆయన్నీ కొంగమ్మనీ ఇక్కడికే పిలిపించు. పనిలో దెబ్బ తగిలితే సంగతేమిటో మాత్రం తప్పకుండా అడుగు."

మంద మొత్తం చేరుతుందంటే చలమయ్య ఆగుతాడా! మర్నాడు పొద్దున్నే కొంగమ్మని వెంటబెట్టుకుని వచ్చేశాడు.

"మా దున్నలు బండి లాగుతాయి" అంది ముర్రమ్మ. "పనిలో దెబ్బ తగిలితే?"

చలమయ్య మందని ఈ చివర్నించి ఆ చివరిదాకా చూశాడు. వాడి కళ్ళకి అన్నీ తవుడు తట్టల్లాగే కనిపించాయి.

"పనిలో దెబ్బకి పనికిరాకపోతే బీమా ఎందుకమ్మా! దుక్కయినా, బండయినా, గానుగయినా సరే, నాదే పూచీ. కొంగమ్మ ఎదుటే మాటిస్తున్నా!"

పుల్లయ్య పక్కకి జరిగాడు. వెనక గడ్డిలో కాటుకయ్య పడుకుని ఉన్నాడు.

"అయితే చూడండి చలమయ్య గారూ. దుక్కిలో తగిలిన దెబ్బే."

"అది... వీళ్ళది పాత ఒప్పందం..."

"చేరేవాళ్ళకో మాట, పడకేసినవాళ్ళకో మాటా?" అని ముర్రమ్మ కొమ్ములు వంచింది.

కొంగమ్మ ముందుకొచ్చింది. "మాట నా ఎదుటే ఇచ్చాడు. నాకది చాలు." ముక్కు దించి ముల్లు లాగింది. కాటుకయ్య పెట్టిన కేకకి పాక అదిరింది. పసరు పోస్తూ ఆవిడ పుల్లయ్య డొక్కలు చూసింది.

"చేపల లెక్క పెంచమని నేనూ అడిగాను నాయనా. అడిగినన్నీ తెస్తున్నాడు కదా అని అడిగాను. ఎవరి కడుపులోంచి వస్తున్నాయో చూడలేదు" అని తలదించుకుంది.

గేదెలు ఒక్కటీ చేరలేదు. ఇక నీకు తవుడిచ్చేది లేదని పాకంతా చలమయ్యకి తేల్చి చెప్పేసింది.

సంత నాటికి కాటుకయ్య కాలు మోపాడు. అయితే ముల్లు ఆలస్యంగా తీసినందువల్ల ఆ కాలు కొంచెం ఈడుస్తూనే ఉన్నాడు. దుక్కిలో పుల్లయ్యే తన అడుగు తగ్గించుకుని నడిచాడు.

తర్వాత పాకలోవాళ్ళూ ముర్రమ్మ మందా కలిసి తమలో తామే తవుడు పోగేసి కొంగమ్మకి నేరుగా ఇద్దామనుకున్నారు. ముర్రమ్మ వచ్చి షరతులు చెప్పబోయింది. పుల్లయ్య ముందు పచ్చగడ్డి మోపుంది. దాన్ని కాలితో పక్కకి నెట్టాడు. మెడ కదలకుండా, గంట మోగకుండా నిలబడ్డాడు.

"ఇప్పుడు చెప్పక్కా, నెమ్మదిగా" అన్నాడు.

మేతని మింగాక నెమరెయ్యొచ్చు గానీ, ఒప్పందాన్ని తలూపకముందే నెమరెయ్యాలి.