కుంట నీళ్లు, మేకపోతు తీర్పు

జొన్నచేను పక్క కొట్టంలో మేకలన్నిటికీ పెద్ద గడ్డప్ప అనే మేకపోతు. గడ్డం ఎంత పొడుగో నోరూ అంతే. ఏది అడిగినా ఠక్కున చెప్పేయాల్సిందే, ఆలోచిస్తే పరువు పోతుందని దాని భయం!

కోతలయ్యాక చుక్కి అనే మేకకు కష్టమొచ్చింది. పొద్దున గంతులేసిన పిల్ల మధ్యాహ్నానికి కాళ్లు తడబడి, ఆయాసపడి చచ్చిపోయింది. చుక్కికిక మిగిలింది ఒక్క పిల్లే.

"కుంటలో కర్రి గేదె పొర్లుతోందిగా! ఆ బురద నీళ్లే పిల్లను చంపాయి," అని తేల్చేసింది గడ్డప్ప.

"కావచ్చు తమ్ముడూ," అంది గేదె. "కానీ అది నీకు అనిపించింది, అంతే. ఓ పిల్లను ఆ నీళ్లు తాగనివ్వకుండా చూడండి. అదీ పడిపోతే తప్పు నీళ్లది కాదు కదా?"

"చాల్లే! కళ్లెదుటే కనపడుతుంటే ఇంకా చూడ్డమేంటి?"

మేకలన్నీ తలూపాయి. పాపం, గేదెను కుంటలో దిగనివ్వలేదు. అంతలో అకాల వాన పట్టి పిల్లలు కొట్టం దాటలేదు, ఒక్కటీ జబ్బుపడలేదు. "చూశారా, రుజువైపోయింది!" అని గడ్డప్ప ఒకటే ఎగరడం. మళ్లీ ఎండ కాసేసరికి గేదె చర్మం బీటలు వారింది.

చుక్కి మాత్రం గేదె మాట విని, పిల్లను కుంట దరికి పోనివ్వలేదు. అయినా ఓ పొద్దున అదీ కూలబడింది. మూతికి పచ్చటి నురగ. వాసన చూస్తే జొన్న చిగుళ్లు! కోసిన మోళ్లకు లేత చిగుళ్లొచ్చాయి, అలాంటివి ఒక్కోసారి విషమవుతాయంటారు. ముళ్లకంచె కంతలోంచి పిల్లలు దూరి అవే మేస్తున్నాయి, పెద్దవి అందులో పట్టవు.

"పాత బురద ఇంకా పోలేదేమో..." అని నసిగింది గడ్డప్ప.

"నా పిల్ల ఆ నీళ్లు ముట్టనేలేదు పెద్దాయనా!" చుక్కి ఏడ్చేసింది. "నీ మాట పట్టుకుని అందరం కుంట వైపే చూశాం. కంత వైపు ఎవరం చూశాం?"

సాయంత్రానికి పిల్ల ఎలాగో లేచి నిలబడింది గానీ, గడ్డప్ప తల మాత్రం లేవలేదు. అలాగే గేదె దగ్గరికి వెళ్లింది. బీటల్లో నెత్తురు చూసి కళ్లు దించుకుంది.

"అక్కా, సిగ్గుతో చచ్చిపోతున్నా. తిట్టు, కావాలంటే పొడువు."

"అవన్నీ ఎందుకుగానీ, కంతకు ముళ్లకంప అడ్డం వెయ్యి. నేను కుంటలో దిగుతా, పిల్లలన్నీ నా పక్కనే నీళ్లు తాగాలి. అప్పుడేమవుతుందో చూద్దాం."

"ఇంకా చూడ్డమేంటక్కా? తప్పు చిగుళ్లదేనని రుజువైపోయిందిగా!"

గేదె దాని మొహంలోకి చూసింది. "నీళ్లది కాదని తేలింది. చిగుళ్లదని ఇప్పటికి అనుకుంటున్నాం, అంతే. మొన్న నన్ను వెళ్లగొట్టింది కూడా ఈ తొందరే కదా తమ్ముడూ?"

అంతే, గడ్డప్పకు ఉన్న కాస్త మొహమూ చెల్లకుండా పోయింది. క్షమించమని అడగడానికొచ్చి కూడా మళ్లీ అదే పని చేసింది మరి!

ఊహను పరీక్షకు పంపకుండా సాటివారిని శిక్షకు పంపితే, చివరికి మిగిలేది తలవంపే.