సన్యాసిరావు పంపిన ఫొటో

ఇది చిన్న కథ. గంగునాయుడు అడిగిన ప్రశ్న, గురువు సోమలింగం చెప్పిన జవాబు, అంతే. అయితే ముందు గంగునాయుడి సంగతి కొంచెం చెప్పుకోవాలి. తత్త్వాలు పాడటం నేర్చుకుంటానని గురువు దగ్గర చేరి ఏళ్లయింది. ఇప్పటికి గొంతు సవరించుకోవడం బాగా వచ్చింది. ఊరు కూడా తక్కువదేమీ కాదు. పంచదార అయిపోయిందని భార్య చెబితే మాజీ ప్రెసిడెంటు కూర్మారావు డబ్బా మూత తీసి చూస్తేగాని నమ్మడు. అదే ఫోనులో ముక్కూమొహం తెలియనివాడు పంపితే, సముద్రం ఎండిపోయిందన్నా నమ్మి నలుగురికీ పంపుతాడు.

టీకాలు వేయిస్తే పిల్లలకు పెద్దయ్యాక సంతానం కలగదన్న కబురు కూడా ఇలాగే ఇల్లిల్లూ తిరిగింది. నర్సు ఎస్తేరమ్మ వస్తే జనం తలుపులు వేసుకున్నారు. ఆ వెనకే ఊళ్లోకి కంఠసర్పి రోగం వచ్చింది. సన్యాసిరావు కూతురు లాస్య గొంతులో పొర కట్టి, ఊపిరాడక చనిపోయింది. పేరుకే సన్యాసి, ఆ పిల్లను భుజం మీంచి దించి ఎరగడు.

కర్మకాండ అయ్యాక గంగునాయుడు గురువును అడిగాడు. "ఇంత అబద్ధాన్ని ఎలా నమ్ముతారు గురువుగారూ? ఎవరైనా తెలిసేలా చెబితే మానరా?"

గురువు తంబుర తీగ బిగిస్తున్నాడు. "చెప్పి చూడు" అన్నాడు.

గంగునాయుడు నేరుగా సన్యాసిరావు ఇంటికి వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు. "మావా, ఆ కబురు అబద్ధం. టీకా వేయించి ఉంటే పిల్ల దక్కేది. నీకింకా చిన్నోడున్నాడు. ఊళ్లో పసిపిల్లలున్నారు. నువ్వు నోరు విప్పితే అందరూ వేయిస్తారు."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. సన్యాసిరావు గుమ్మంలోంచి లోపలికోసారి చూశాడు.

"ఆ నర్సమ్మని గుమ్మంలోంచి తోలేసినోడు ఎవడు అల్లుడూ?"

గంగునాయుడు గొంతు సవరించుకున్నాడు.

"నానే గదా. చెప్తానులే. ఊరందరికీ నానే చెప్తాను."

గంగునాయుడికి ప్రాణం లేచి వచ్చింది. దారిలో ఒక తత్త్వం కూడా ఎత్తుకున్నాడు. శ్రుతి కుదరలేదు.

సాయంత్రానికి ఊరి ఫోన్లన్నిటిలోకీ లాస్య ఫొటో వచ్చింది, పరికిణీ కట్టుకుని నవ్వుతున్నది. కింద సన్యాసిరావు మాటలు: "టీకా వేయించిన మర్నాడే నా బిడ్డ పోయింది. మీ పిల్లల్ని కాపాడుకోండి." ఎస్తేరమ్మను తోలేసిన రోజు పక్కనే నిలబడి "బాగా బుద్ధి చెప్పావు" అన్న కూర్మారావే దాన్ని మొదట పదిమందికి పంపాడు.

బుధవారం ఎస్తేరమ్మ మందుల పెట్టెతో మళ్లీ వచ్చింది. ఈసారి ఎవరూ తలుపులు వేసుకోలేదు. రాళ్లు పట్టుకుని బయటికి వచ్చారు. ఆమెను ఎక్కించుకెళ్లిన ఆటో ఆసుపత్రి చేరేసరికి ప్రాణం లేదు.

గంగునాయుడు పరుగున వచ్చి గురువు ముందు కూలబడ్డాడు. "ఆ పిల్లకి అసలు టీకానే వేయలేదని వాళ్లందరికీ తెలుసు గురువుగారూ! కళ్లారా చూసినవాళ్లే!"

సోమలింగం తంబుర గోడకు ఆనించాడు.

"రాత్రయితే నిద్ర పట్టాలి కదా నాయనా, వాళ్లకి" అన్నాడు.