బిగించని నట్టు

విజయవాడ ఆటోనగర్‌లో వీరాంజనేయులు అనే టర్బో మెకానిక్ ఉండేవాడు. పనిలో అతనికి సాటి లేరు గానీ, నలుగురి ముందు ‘పొరపాటైంది’ అనడం మాత్రం అతనికి చేతకాదు.

లారీ ఇంజిన్ వదిలే పొగతో గిర్రున తిరిగి, ఆ ఇంజిన్‌లోకే గాలిని నెట్టే చక్రాల పెట్టెను టర్బో అంటారు. పాత టర్బోకు ఇనుప గొట్టం అమర్చి, అందులో గ్యాస్ మండిస్తే చిన్న జెట్ ఇంజిన్ తయారవుతుందని వీరాంజనేయులు ఎక్కడో చూశాడు. ఇది ఎవరూ సరదాకి చేయకూడని పని. అయినా అతనికి ఆశ పుట్టింది. పక్క షెడ్డులో లేత్ మిషన్ నడిపే మస్తాన్ వలీకి చెప్పాడు. ఇద్దరిదీ ఇరవై ఏళ్ల స్నేహం. మస్తాన్ వేలికొసతో తడిమి, ఇనుము వెంట్రుకవాసి ఎక్కువుందో తక్కువుందో చెప్పేవాడు.

“ఎగురుతుందా ఇది?” అని అడిగాడు మస్తాన్.

“ఎగరదు భాయ్, అరుస్తుంది. ఆటోనగర్ అంతా వినపడేలా అరుస్తుంది.”

“దానికి మీ బావమరిది ఉన్నాడుగా!” అని మస్తాన్ నవ్వాడు. నవ్వుతూనే నాలుగు నెలలు కూర్చుని కావలసిన భాగాలన్నీ చేసిపెట్టాడు.

దసరాకు, ఆయుధపూజ రోజున ఇంజిన్ నడిపి చూపిస్తానని వీరాంజనేయులు అందరికీ చెప్పుకున్నాడు. ఆ రోజు మెకానిక్కులు పనిముట్లన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి పూజలో ఉంచుతారు. మర్నాటి వరకు పానా కూడా ముట్టుకోరు.

పూజ అయింది. డ్రైవర్లు, క్లీనర్లు, పక్క షెడ్ల వాళ్లు చుట్టూ మూగారు. అప్పుడు వీరాంజనేయులుకు ఇంజిన్ కింద ఒక నూనె చుక్క కనిపించింది. టర్బోకు నూనె తెచ్చే గొట్టం దగ్గర నట్టు వదులుగా ఉంది. నిన్న బిగిద్దామనుకుని హడావిడిలో మరిచిపోయాడు. పానా చూస్తే పూజలో ఉంది. దాన్ని తీయడానికి మనసొప్పలేదు. రేపు నడుపుదామని చెప్పడానికి అసలే మనసొప్పలేదు.

“ఏంటి మావా, ఇది జెట్టా, ప్రెషర్ కుక్కరా? విజిల్ ఎప్పుడు?” అని ఒక డ్రైవరు అరిచాడు. అందరూ గొల్లుమన్నారు.

వీరాంజనేయులు నట్టును వేళ్లతోనే తిప్పగలిగినంత తిప్పి, చుక్కను గుడ్డతో తుడిచేశాడు. మస్తాన్ అది చూశాడు.

“ఏం కారుతోంది అంజీ? నట్టు బిగించలేదా? అయితే రేపు చూసుకుందాం. ఒక్క రోజుకు కొంపలేం మునిగిపోవు.”

“పూజకు ముందే బిగించాను భాయ్. అది నిన్నటి నూనె.”

“నువ్వు బిగిస్తే ఇంక చూడక్కర్లేదు” అని మస్తాన్ వెళ్లి ఇంజిన్ పక్కన, గ్యాస్ వాల్వు దగ్గర నిలబడ్డాడు.

బ్లోయరు గాలికి చక్రాలు తిరిగాయి. గ్యాస్ అంటుకుంది. ఇంజిన్ కీచుమంటూ అరిచింది. జనం చప్పట్లు కొట్టారు. నిమిషం గడిచిందో లేదో, ఆ అదురుకు నట్టు ఊడి నూనె గొట్టం పక్కకు జారింది. ఎర్రగా కాలిన ఇనుము మీద నూనె చిమ్మి భగ్గుమంది. అందరూ పరుగెత్తారు. వీరాంజనేయులు కూడా వెనక్కి దూకాడు. మస్తాన్ ఒక్కడే కదలలేదు. వాల్వు కట్టకపోతే గ్యాస్ బండ పేలుతుందని అతనికి తెలుసు. కుడిచెయ్యి మంటలో పెట్టి వాల్వు కట్టేశాడు. తర్వాత ఎవరో ఇసుక చల్లి మంట ఆర్పారు.

మస్తాన్ నెలరోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. చెయ్యి దక్కింది గానీ వేళ్లు వంగలేదు. కొసల్లో స్పర్శ పోయింది. ఇక లేత్ ముందు నిలబడడం కుదరదని డాక్టరు చెప్పాడు.

“పూజకు ముందే బిగించానన్నావు కదా అంజీ?” అని ఒకరోజు మస్తాన్ మెల్లగా అడిగాడు.

“బిగించలేదు భాయ్. వాళ్లంతా నవ్వుతారని అలా చెప్పాను.”

మస్తాన్ వంగని తన వేళ్లను చూసుకున్నాడు. “నవ్వితే నవ్వనివ్వాల్సింది. నేనూ వాళ్లతో కలిసి నవ్వేవాణ్ణి. తర్వాత ఇద్దరం టీ తాగేవాళ్లం” అన్నాడు.

వీరాంజనేయులు ఇంజిన్ విప్పేశాడు. ఎవరి నవ్వుకు భయపడ్డాడో వాళ్లు పక్షం తిరిగేసరికి ఆ సంగతే మరిచిపోయారు. మస్తాన్ షెడ్డులో లేత్ మీదికి కొత్త మనిషి వచ్చాడు. వీరాంజనేయులు మాత్రం రోజూ మధ్యాహ్నం అన్నం క్యారేజీ పట్టుకుని మస్తాన్ ఇంటికి వెళ్లేవాడు. మస్తాన్ ఎడమచేత్తో తినడం నేర్చుకుంటున్నాడు. మెతుకులు కింద పడుతుంటే వీరాంజనేయులు తల దించుకుని ఏరేవాడు. మస్తాన్ అతన్ని ఒక్క మాట కూడా అనలేదు. అదే అతనికి భరించలేనంత బరువైంది.

తప్పు ఒప్పుకుంటే కలిగే సిగ్గు ఒక్క పూటలో పోతుంది. తప్పును దాచిపెడితే, మనల్ని నమ్మి పక్కన నిలబడినవాడు జీవితాంతం ఆ నష్టం మోయాల్సి వస్తుంది.