పొత్తిగుడ్డ అడిగిన రాజు

దగ్గరికి జరగండి తల్లీ, వెనకున్న పెద్దాయనకు కాస్త చోటివ్వండి. ఆదిభిక్షువైన ఆ పరమేశ్వరుడికి ఒక దండం పెట్టుకుని మొదలెడతాను.

ఒకానొక రాజ్యంలో రణకేసరి భూపతి అని ఒక రాజుండేవాడు. చెడ్డవాడని నేననను. అద్దం ముందు నిలబడితే భోజనం మరిచిపోయే రకం, అంతే. ఒకసారి పొరుగు రాజు తన రాయబారిని పంపుతున్నాడని కబురొచ్చింది. రణకేసరి బురుజెక్కి ఊరు పరికించి చూశాడు. గుడిమెట్ల మీదా, సంత మొగలోనూ చేతులు చాచిన ముసలివాళ్లు కనిపించారు.

"ఛీ! మన రాజ్యంలో పేదలున్నారని ఆ రాయబారి చెప్పుకోడూ?" అని అప్పటికప్పుడు శాసనం చేశాడు. చేయి చాచి అడిగినవాళ్లకు దేశబహిష్కారం. జాలిపడి పెట్టినవాళ్లకూ అదే శిక్ష.

సభంతా భేష్ అంది. ఒక్క కొమ్మన లేచాడు. ఈ కొమ్మన ఆస్థానంలో హాస్యగాడు. సభలో నలుగురినీ నవ్వించేవాడే గానీ, ఇంటికెళితే పలకరించే దిక్కులేదు. భార్య పోయింది, పిల్లలు లేరు.

"మహాప్రభూ, ముందు గుడిలో స్వామిని పట్టించాలేమో. కపాలం పట్టుకుని అన్నపూర్ణమ్మ ముందు నిలబడ్డాడు."

"వెటకారం చాలించు కొమ్మనా! శాసనం శాసనమే."

కొమ్మన తల వంచాడు. "అయితే ఒక్క లోటుంది ప్రభూ. 'ఎంతటివారైనా సరే' అన్న మాట చేర్చలేదు. ముసలీ ముతకా మాత్రమే భయపడే శాసనం తమ స్థాయికి తగునా?"

"అదీ మాట!" అని రాజు మీసం దువ్వి ఆ మాట చేర్పించాడు. వెంటనే దండోరా మోగింది.

ఇక కొమ్మన ఇంటి సంగతి వినండి. రోజూ మధ్యాహ్నం సింగమ్మ అనే ముసలి బిచ్చగత్తె ఆయన గుమ్మం ముందు నిలబడేది.

"అయ్యా, ఇవాళేం కూర?"

"బీరకాయ. ఉప్పెక్కువైంది."

"నీ చేతికి ఉప్పు తెలిసిందెప్పుడులే!"

అంతే వాళ్ల ముచ్చట. ఆ నాలుగు మాటల కోసమే కొమ్మన ఓ గుప్పెడు బియ్యం ఎక్కువ పోసేవాడు.

దండోరా మర్నాడు తలుపు తీసి కూర్చున్నాడు. అన్నం చల్లారింది. ఎవరూ పిలవలేదు. ఒక కాకి వచ్చి వాలింది, పాపం దానికి దండోరా వినపడలేదు. వీధి పొడుగునా అన్ని గుమ్మాలూ అలాగే మూగగా ఉన్నాయి.

పట్టుబడ్డవాళ్లను పాత ఏనుగుల సాలలో పెట్టారు. కొమ్మన వెళ్లి కటకటాల దగ్గర నిలబడ్డాడు.

"ఆ రాయబారి వచ్చి వెళ్లాక పొలిమేర దాటిస్తారట," అంది సింగమ్మ. "అవతల నన్నెవరెరుగుదురయ్యా? ఇక్కడ తిట్టేవాళ్లయినా పేరుపెట్టి తిడతారు."

"కాస్త ఓపిక పట్టమ్మా. రాణిగారికి నెలలు నిండాయి."

"ఆవిడ కాన్పుకీ నా పీడకీ ఏం సంబంధం?"

"ఉందిలే," అని మాత్రం అన్నాడు కొమ్మన.

దైవకృప, రాణి మగబిడ్డను కన్నది. అంతకుముందు పుట్టిన బిడ్డలు పొత్తిళ్లలోనే పోయారు. ఆ వంశంలో ఒక ఆచారం ఉండేది. బిడ్డ నిలవాలంటే తండ్రి చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా వీధిలోకి వెళ్లి, ముసలివాళ్లు కట్టి విడిచిన పాతగుడ్డ అడుక్కుని తేవాలి. ఆ గుడ్డలోనే బిడ్డను తొలిసారి చుట్టాలి.

"పిచ్చి ఆచారం!" అన్నాడు రాజు, ప్రతి కాన్పుకూ అన్నట్టే.

రాజమాత కళ్లెర్రజేసింది. "నువ్వు ఎందులో కళ్లు తెరిచావనుకున్నావు? చాకలి ముసలమ్మ చీరముక్కలో. మీ నాన్న అడిగి తెచ్చాడు. లే!"

రాజు ఉత్తరీయం తీసుకుని బయల్దేరాడు. సాక్షిగా కొమ్మన వెంట నడిచాడు.

మొదటిది నేతవాళ్ల ఇల్లు. అవ్వ తలుపు సందులోంచి చూసి, "ఇవ్వాలనే ఉంది బాబూ. ఇస్తే నన్నూ మా ముసలాణ్ణీ ఎల్ల దాటిస్తారు. ఎంతటివారైనా సరే అన్నారుగా!" అని గడియ పెట్టుకుంది. పక్కింట్లో కిటికీ మూసుకుంది. ఆ పై ఇంట్లో మనుషులు ఉండీ లేనట్టున్నారు.

"ఇమ్మని ఆజ్ఞాపిస్తాను కొమ్మనా!"

"ఆజ్ఞాపిస్తే అది పన్నవుతుంది ప్రభూ, భిక్ష కాదు."

"శాసనం ఎత్తేస్తే?"

"ఎత్తేయండి, నాకు సంతోషమే."

రాజు కోట వైపు చూశాడు. మేడమీద విడిదికి వచ్చిన రాయబారి నిలబడి ఉన్నాడు. అభిమానం అడ్డొచ్చి రాజు ముందుకే నడిచాడు. ఎండ ముదిరింది. చాచిన ఉత్తరీయం గాలికి ఊగుతోంది. వీధి నిండా ఇళ్లున్నాయి, ఆ ఒక్క మనిషికి మాత్రం ఎవరూ లేరు.

"వీళ్లు నన్ను చూడనట్టే చూస్తున్నారేమయ్యా?" అన్నాడు రాజు, గొంతు తగ్గించి.

"చేయి చాచినవాణ్ణి అలాగే చూస్తారు ప్రభూ."

"ఇక నాకు పెట్టేవాళ్లే లేరా?"

"శిక్షకు భయపడనివాళ్లు ఉన్నారు. శిక్ష పడిపోయినవాళ్లు."

అలా ఏనుగుల సాలకు చేరారు. సింగమ్మకు చూపు సరిగా ఆనదు, మనిషి ఆకారమే కనిపించింది.

"ఎవరు నాయనా?"

రాజు బిగుసుకుపోయి ఉత్తరీయం చాచాడు. "బిడ్డ... బిడ్డకు పాతగుడ్డ కావాలమ్మా."

"ఈ పనికి కొత్తలా ఉన్నావే! అంత బిగుసుకుపోతే ఎవరు పెడతారు? భుజం కాస్త దించు. ఆఁ, అట్లా." అంటూనే చీరకొంగు పరపరా చించింది. "నా బిడ్డ నిలవలేదు. నీ బిడ్డ నిలవాలి. పెడితే శిక్షంట, నాకింక కొత్తగా ఏం వేస్తారులే!"

కటకటాల సందులోంచి ఆ ముక్క రాజు ఉత్తరీయంలో పడింది. రాజు దాన్ని కళ్లకద్దుకున్నాడు.

కొమ్మన గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, శాసనం ప్రకారం తమరూ లోపలికి దయచేయాలి. ఏనుగు పట్టే చోటే, ఇరుకుండదు."

రాజు కళ్లలో నీళ్లుండగానే ఫక్కున నవ్వాడు. సాలంతా మారుమోగేలా నవ్వాడు. "ఆ రోజు నువ్వు చేర్పించిన మాట నా మెడకేనటయ్యా!" అని తన చేత్తోనే గడియ తీశాడు. శాసనం రద్దయిందని దండోరా వేయించాడు. నీడలేనివాళ్లకు ఆ సాలలోనే పడకా, గంజీ ఏర్పాటు చేశాడు. రాయబారి చూస్తుండగానే చేశాడు.

కొమ్మనకు పట్టుశాలువా కప్పి, "ఇంకేం కావాలో కోరుకో," అన్నాడు.

"మధ్యాహ్నమైంది ప్రభూ, ఇంటికి సెలవిప్పించండి," అన్నాడు కొమ్మన.

నాయనలారా, ఆ బిడ్డ నిలిచాడు. స్వామి దయ! మీ గుమ్మంలో ఎవరైనా పిలిస్తే, లేదని చెప్పడానికైనా పలకండి.

ఆ పూట కొమ్మన పొయ్యి రాజేసి, తలుపు తెరిచిపెట్టి కూర్చున్నాడు. కొంగు చిరిగిన చీరతో సింగమ్మ వచ్చి నిలబడింది.

"అయ్యా, ఇవాళేం కూర?"

"బీరకాయేనమ్మా."

ఆవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమిలింది.

"ఉప్పెక్కువైంది," అంది.

కొమ్మనకు ప్రాణం లేచొచ్చింది.